నాన్న కాలు తీయించుకోనంటున్నారు, సైకియాట్రిస్టు రాసిస్తే సరిపోతుందా?

ప్రశ్న: మాది పర్లాకిమిడి. నాన్నకు 71 ఏళ్లు, షుగరు ఉంది. పాదం కుళ్లి, మోకాలి కింద దాకా తీసేయాలన్నారు. ఆయన ససేమిరా అంటున్నారు. ఆసుపత్రివాళ్లు సైకియాట్రిస్టును పిలిపిస్తున్నారు. ‘మతి సరిగా లేదు’ అని ఆయన రాసిస్తే, మేం సంతకం పెట్టి ఆపరేషన్ చేయించవచ్చా?

జవాబు: మీ టెన్షన్ అర్థమైంది. కానీ సైకియాట్రిస్టు వచ్చేది మీ నాన్నగారి బదులు నిర్ణయం చెప్పడానికి కాదు, ఆ నిర్ణయం తీసుకునే స్థితిలో ఆయన ఉన్నారో లేదో చూడటానికి. కాలు ఎందుకు తీయాలంటున్నారో, తీయకపోతే ప్రాణం మీదికి రావచ్చనీ తెలిసే వద్దంటున్నారా? అలాగైతే ఆ మాటే చెల్లుతుంది. 2008లో సమీరా కోహ్లి కేసులో సుప్రీంకోర్టు, మత్తులో ఉన్న రోగి బదులు కన్నతల్లి ఇచ్చిన అనుమతి కూడా చెల్లదంది. మానసిక వైద్యానికి వర్తించే 2017 చట్టం 4వ సెక్షన్‌లోనూ ఇదే ధోరణి: నిర్ణయం ఇతరులకు తప్పుగా తోచినంత మాత్రాన మనిషికి సామర్థ్యం లేదనకూడదు.

మీ వైపు కేసుల్లో నేను ముందు అడిగేది భాష. డాక్టరు ఒడియాలో గబగబా చెప్పి వెళ్తే, తెలుగు తప్ప రాని పెద్దాయన ఊరికే తలూపుతారు. దాన్ని చూసి ‘అర్థం కావట్లేదు’ అని రాసేస్తే అన్యాయం. రోగికి అర్థమయ్యే సులువైన భాషలో చెప్పాలని ఆ సెక్షనే అంటోంది. తెలుగు వచ్చిన నర్సును పక్కన ఉంచమనండి. మీరే దుబాసీ కాకండి, మీకు ఆపరేషన్ కావాలి కదా! ఏం అడిగారో, ఆయన ఏమన్నారో కేస్ షీట్‌లో ఉండాలి. ఉత్త ‘అన్‌ఫిట్’ కోర్టులో నిలవడం కష్టం.

షుగరు పడిపోయినా, ఇన్‌ఫెక్షన్ ముదిరినా మనిషి రాత్రి తికమకపడి పొద్దునకు తేరుకోవచ్చు. వ్యవధి ఉంటే మళ్లీ పరీక్షించమనండి. ‘బతికి ఏం లాభం’ అంటుంటే డిప్రెషన్ ఉందేమో చూసి వైద్యం చేయాలి. సైకియాట్రిస్టు వల్ల అసలు మేలు అక్కడే.

నిజంగానే సామర్థ్యం లేదని తేలితే కుటుంబం అనుమతి లెక్కలోకి వస్తుంది. స్పృహ లేక, ఎవరినీ అడిగే వ్యవధి కూడా లేనప్పుడు సదుద్దేశంతో వైద్యం చేసిన డాక్టరుకు భారతీయ న్యాయ సంహిత 30వ సెక్షన్ రక్షణ ఇస్తుంది. అయితే స్పృహలో ఉండగా తెలిసి వద్దన్న మనిషి స్పృహ తప్పేదాకా ఆగి కోసేద్దామనుకోవడం వేరే సంగతి, దానికి నేను సలహా ఇవ్వను.

మాట తేలకపోతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి, లేదా 15100కు ఫోన్ చేయండి. ఈలోగా కృత్రిమ కాలుతో నడుస్తున్న వాళ్లెవరినైనా నాన్నగారి దగ్గరికి తీసుకెళ్లండి.