రెండు బడులు కలిపే ముందు, కలిపాక: కొత్త హెచ్‌ఎంకు ఒక ఉత్తరం

తమ్ముడికి,

ఊరి మెయిన్ బడిలో 24 మంది, ఎస్సీ కాలనీ బడిలో 18 మంది, రెండు చోట్లా ఒక్కో టీచరే, వచ్చే జూన్ నుంచి ఊళ్లో ఒకే బడిగా నడపాలన్నారని రాశావు. రికార్డుల పని ఎలా చేయాలని అడిగావు. చెబుతాను. కానీ ముందు దారి సంగతి చూడు.

ఫైల్లో బడికీ బడికీ మధ్య 700 మీటర్లని ఉంటుంది. పిల్లలు బయల్దేరేది బడి నుంచి కాదు, ఇంటి నుంచి. కాలనీ చివరి ఇళ్లు పాత బడికి అవతల ఇంకో 450 మీటర్లుంటే వాళ్ల నడక 1,150 మీటర్లు అవుతుంది. విద్యాహక్కు చట్టం నిబంధనల ప్రకారం ప్రాథమిక బడి కిలోమీటరు లోపు ఉండాలి. కాబట్టి చివరి ఇంటి గడప నుంచి కొలిపించు. ఒకటో తరగతి పిల్లతో, సంచి దాని భుజానే ఉంచి, బడి వేళకు ఒకసారి ఆ దారిన నడిచిరా. మనం పావుగంటలో వచ్చేస్తాం, ఆ పిల్లకు అరగంట పడుతుంది. రోడ్డు దాటే చోటు, వానకు నీళ్లు పారే కల్వర్టు, కుక్కలుండే మలుపు ఒక కాగితం మీద గీసి పెట్టుకో.

మధ్యలో వాగో హైవేనో రైలు పట్టాలో ఉంటే మొహమాటపడకు. ఒకటి, రెండు తరగతులు కాలనీలోనే ఉంచమని ఆ పటం జతచేసి మండల విద్యాధికారి ఎంఈవోగారికి రాయి. ఆ రెండు తరగతులతోనే నడిచే ఫౌండేషన్ స్కూళ్లు మన ఆంధ్రప్రదేశ్‌లో ఉన్నాయి, ఇది వింత కోరిక కాదు. దూరం ఒక్కటే ఇబ్బందైతే రవాణా భత్యానికి పేర్లు పంపు. నెలకు 600 చొప్పున పది నెలలకు 6,000 వస్తుంది. వచ్చేది ఆలస్యంగానే. జూన్‌లో ఆటో అతనికి ఎవరిస్తారో తల్లిదండ్రులతో ముందే తేల్చుకో.

ఇంకొకటి ఎవరికీ తట్టదు. కాలనీ బడి పక్కనే అంగన్‌వాడీ ఉంటే, నాలుగో తరగతి అక్క చెల్లెల్ని అక్కడ దింపి తన తరగతికి వెళ్తుంది. బడి ఊళ్లోకి వచ్చి అంగన్‌వాడీ అక్కడే ఉండిపోతే ఆ అక్క రోజూ ఆలస్యంగా వస్తుంది, ఆ తర్వాత మానేస్తుంది. అలాంటి పిల్లలెవరో ఇప్పుడే పేర్లు రాసుకుని, వాళ్ల ఇళ్లలో మాట్లాడు.

ఏప్రిల్‌లో సెలవులిచ్చే ముందే కాలనీలోనే సాయంత్రం మీటింగు పెట్టు, కూలి పనికి వెళ్లినవాళ్లు తిరిగొచ్చాక. ఆర్డరు వచ్చేదాకా ఆగుదాం అనుకుంటే, మే నెలలో ప్రైవేటు బడి వ్యాను ఆ వీధిలో తిరుగుతుంది. జూన్ 12న నీకు 18 మందికి బదులు 9 మందే కనిపిస్తారు. ‘ఇద్దరు టీచర్లు ఉంటారు, తరగతులు విడిగా నడుస్తాయి’ అని చెప్పు, అది నిజం. ‘తరగతికో టీచరు’ అని మాత్రం చెప్పకు. విద్యాహక్కు చట్టం లెక్కలో 60 మంది వరకు ఇద్దరే, 60 దాటితేనే మూడో టీచరు.

ఇక రికార్డులు. కాలనీ బడి అడ్మిషన్ రిజిస్టరులో ఆఖరి పేరు కింద ఎర్ర సిరాతో గీత కొట్టి, ఆఖరి నంబరు అంకెల్లోనూ అక్షరాల్లోనూ రాసి, నువ్వూ ఎంఈవోగారూ తేదీతో సంతకాలు చేయండి. పిల్లల్ని మెయిన్ బడి రిజిస్టరులో తరువాతి నంబర్ల నుంచి ఎక్కించు, పాత నంబరు రిమార్కుల గడిలో వేయి. పేరు, పుట్టిన తేదీ అడ్మిషన్ రిజిస్టరు చూసే రాయి, హాజరు పట్టీ చూసి కాదు. హాజరు పట్టీలో సగం ముద్దుపేర్లు ఉంటాయి. రాశాక తల్లికో తండ్రికో చదివి వినిపించు. ఆ పాత రిజిస్టరు బీరువాలో భద్రంగా ఉండాలి. స్టడీ సర్టిఫికెట్ కోసం, పుట్టిన తేదీ రుజువు కోసం కాలనీవాళ్లు ఇరవయ్యేళ్ల తర్వాత కూడా వస్తారు.

బడుల, పిల్లల వివరాలుండే ఆన్‌లైన్ రికార్డు యూడైస్‌లో ప్రతి పిల్లకూ పెన్ నంబరు ఉంటుంది, బడి మారినా అది మారదు. ఆ నంబరుతోనే కొత్త బడిలోకి ఇంపోర్ట్ చేయి. తొందరలో కొత్త పేరుగా ఎక్కిస్తే పిల్ల రెండు చోట్ల కనిపిస్తుంది, పుస్తకాలు, యూనిఫాం ఇచ్చే విద్యార్థి మిత్ర కిట్టు దగ్గర్నుంచి తల్లి ఖాతాలో పడే తల్లికి వందనం డబ్బు దాకా అన్నీ చిక్కులో పడతాయి. 18 మందీ ఇటు వచ్చారని స్క్రీన్ మీద చూసుకున్నాకే కాలనీ బడి యూడైస్ కోడ్ మూయించమని అడుగు.

డబ్బు లెక్క నీకు అనుకూలమే. బడి ఖర్చులకు ఏటా ఇచ్చే కాంపోజిట్ గ్రాంటు 30 మంది వరకు ఉన్న బడికి 10,000, ముప్పై దాటితే 25,000. రెండు బడులకు కలిపి 20,000 వచ్చేచోట 25,000 వస్తుంది. వంట మనిషి విషయంలోనూ 25 మంది వరకు ఒకరు, 26 నుంచి 100 వరకు ఇద్దరు. అంటే ఇద్దరమ్మల్లో ఎవరి పనీ పోదు. కానీ ఇక్కడే అసలు జాగ్రత్త కావాలి. ఊరి ఆవిడ వండుతుంది, కాలనీ ఆవిడ గిన్నెలు కడుగుతుంది, బియ్యం ఏరుతుంది. ఎవరూ చెప్పకుండానే మొదటి వారంలోనే ఇలా కుదిరిపోతుంది. కుదరనివ్వకు. పొయ్యి దగ్గర వారం వారం వంతులు వేసి కాగితం గోడకు అంటించు. రోజూ 4 కిలోల 200 గ్రాముల బియ్యం వండే పని, ఇద్దరికీ చేతనవుతుంది. ఎవరైనా గొణిగితే బదులు వాళ్లకు నువ్వే ఇవ్వు, ఆ అమ్మలమీద వదలకు. ఆ రోజు నువ్వు కూడా పిల్లల వరసలోనే కూర్చుని తిను.

హాజరు పట్టీ కూడా అంతే. ఊరి పిల్లల పేర్లు ముందు, కాలనీ పిల్లలవి కింద చేర్చి రాస్తే, పేర్లు పిలిచే ప్రతి ఉదయం వాళ్లు తర్వాత వచ్చినవాళ్లని అందరికీ వినిపిస్తుంది. జూన్‌లో కొత్త పట్టీ తీసుకుని అందరివీ కలిపి అక్షరక్రమంలో రాయి. కాలనీ బడిలో చెప్పిన టీచరమ్మకే ఒకటి, రెండు తరగతులు ఇవ్వు, మూడు నుంచి ఐదు నువ్వు తీసుకో. చిన్నపిల్లలు తెలిసిన ముఖం ఉన్న గదికే ఏడవకుండా వస్తారు. తల్లిదండ్రుల కమిటీని కొత్తగా ఎన్నుకోవాలి. తరగతికి ముగ్గురిలో ఒక్కరైనా కాలనీ నుంచి ఉండేలా చూడు.

కాలనీ భవనం ఖాళీగా వదిలితే రెండు వానాకాలాల్లో తలుపులు, కిటికీలు పోతాయి. అంగన్‌వాడీ అద్దె ఇంట్లో ఉంటే ఆ గదులు వాళ్లకిమ్మని ఇప్పుడే పంచాయతీతో తీర్మానం చేయించు.

ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో పొలం పనులు, వానలు, జ్వరాలు ఒక్కసారే వస్తాయి. ఆ నెలలు దాటేదాకా రోజూ ఆ 18 పేర్లు విడిగా నీ డైరీలో టిక్కు పెట్టుకో, పట్టీలో కాదు. ఎవరైనా వరసగా మూడు రోజులు రాకపోతే ఆ సాయంత్రమే ఇంటికి వెళ్లు. వారం ఆగితే ఆ పిల్ల మేకల వెంట ఉంటుంది.

ఆశీస్సులతో,
మీ అన్నయ్య