జబ్బుకు పేరు దొరక్కపోయినా లడ్డూ నొప్పికి వైద్యం ఉంది

ప్రశ్న: మల్కాజిగిరిలో ఒక అపార్ట్‌మెంటు మూడో అంతస్తులో ఉంటాం. మా దగ్గర ఆరేళ్ల లాబ్రడార్ ఉన్నాడు, పేరు లడ్డూ. దసరా నుంచి వాడికి జ్వరం వస్తూ పోతూ ఉంది. ఒకరోజు ముందు కాలు కుంటుతాడు, రెండు రోజులు పోయాక వెనక కాలు. పొద్దున లేవలేక మూలుగుతాడు, మధ్యాహ్నానికి కాస్త తిరుగుతాడు. ఒక డాక్టరు టిక్ ఫీవర్ అని మాత్రలిచ్చారు. తగ్గినట్టే తగ్గి మళ్లీ మొదలైంది. ఇంకొకరు ఎక్స్‌రే తీసి ఎముకలు బాగానే ఉన్నాయన్నారు. మరొకరు బరువు వల్ల అన్నారు. మా ఆయన ‘ఇక చాలు, ఎంతని పెడతాం’ అంటున్నారు. కుక్కను లిఫ్టు ఎక్కించొద్దని అసోసియేషన్ వాళ్లు గొడవ చేస్తుంటే, రాత్రిపూట వాడిని ఎత్తుకుని మెట్లు దిగేది మాత్రం ఆయనే. అత్తమ్మ ‘నా మోకాళ్ల కోసం ఎవరన్నా ఇట్లా తిరిగిండ్రా’ అంటుంది. ఆమె వేసుకునే నొప్పి మాత్రలో సగం వాడికి వేద్దామా అని కూడా అనిపించింది. పక్కింటావిడ ‘ఇంజెక్షన్ ఇప్పించి పంపించేయండి’ అన్నది. రాత్రిళ్లు నిద్ర లేదు, ఆఫీసులో ఏడుపు ఆగడం లేదు. అసలు జబ్బేంటో తెలిస్తే చాలు. కుక్క కోసం ఇంత ఏడవడం తప్పా?
— ఒక సోదరి, మల్కాజిగిరి

జవాబు: అమ్మా, మిగతావన్నీ తర్వాత మాట్లాడుకుందాం. ముందు ఆ మాత్ర సంగతి. అత్తమ్మ మాత్ర సగం కాదు, పావు కూడా వేయకండి. మనం వాడే ఐబూప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి కుక్క కడుపులో పుండ్లు చేస్తాయి, కిడ్నీలను దెబ్బతీస్తాయి. పారాసిటమాల్ కాలేయాన్ని, రక్తాన్ని పాడుచేస్తుంది. ఇప్పటికే ఏ డాక్టరైనా లడ్డూకు స్టెరాయిడ్ (వాపును, రోగనిరోధక శక్తి ఉధృతిని అణిచే మందు) ఇచ్చి ఉంటే, దాని మీద ఇంకో నొప్పి మాత్ర పడితే ప్రమాదం ఇంకా ఎక్కువ. ఒకవేళ ఎప్పుడైనా వేసి ఉంటే దాచకుండా డాక్టరుకు చెప్పండి. మలం నల్లగా తారులా వచ్చినా, ముక్కులోంచి రక్తం కారినా, చిగుళ్లు తెల్లబడినా ఆ గంటలోనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

నేను పశువైద్యురాలిని కాను. రోగ నిర్ణయం నా పని కాదు. కానీ మీరు రాసిన లక్షణాలు చదివాక, డాక్టరు దగ్గర మీరు ఏం అడగవచ్చో చెప్పగలను. జ్వరం వస్తూ పోతూ, కుంటు ఒక కాలి నుంచి ఇంకో కాలికి మారుతూ, పొద్దున ఒళ్లంతా బిగుసుకుపోతూ ఉంటే, ఒక కాలికి తగిలిన దెబ్బ కాదు, చాలా కీళ్లు ఒకేసారి వాచి ఉండవచ్చునని పశువైద్యులు అనుమానిస్తారు. శరీరంలోని రోగనిరోధక శక్తే తన కీళ్ల మీద తిరగబడే జబ్బు ఒకటి కుక్కలకు వస్తుంది. అది మొదట్లో ఎక్స్‌రేలో కనబడదు. ఎక్స్‌రేకు చిక్కేది ఎముక, ఈ జబ్బు కూర్చునేది కీలు లోపలి పొరలో. దాన్ని పట్టుకోవాలంటే లడ్డూకు కొద్దిగా మత్తు ఇచ్చి, రెండు మూడు కీళ్లలోంచి సూదితో ద్రవం తీసి పరీక్ష చేయాలి. మీ ఉత్తరంలో ఈ పరీక్ష మాట ఎక్కడా లేదు. స్టెరాయిడ్ మొదలుపెట్టాక చేస్తే ఫలితం తారుమారయ్యే అవకాశం ఉంది కాబట్టి, ముందే అడగండి.

టిక్ ఫీవర్ అన్న డాక్టరును తప్పు పట్టకండి. టిక్ అంటే పిడుదు. మన ఊళ్లో పిడుదులు (గోమార్లు అని కూడా అంటారు) ఏడాది పొడుగునా ఉంటాయి. కుక్క ఒంటి మీద రక్తం తాగి కిందికి రాలి, గోడ పగుళ్లలో, తలుపు చట్రాల సందుల్లో గుడ్లు పెట్టి ఇంట్లోనే పెరుగుతాయి. వాటి ద్వారా వచ్చే ఎర్లీకియా లాంటి జబ్బులు జ్వరం తెస్తాయి, రక్తం గడ్డకట్టడానికి కావలసిన ప్లేట్‌లెట్లను పడగొడతాయి, కీళ్లను కూడా వాపెక్కిస్తాయి. రక్తపు చుక్కను గాజుపలక మీద చూసే పరీక్షలో ఏమీ కనబడకపోయినా జబ్బు లేదని చెప్పలేం. క్రిమి జన్యు పదార్థాన్ని వెతికే పీసీఆర్ పరీక్ష దానికంటే నమ్మకమైనది. క్రిమితో పోరాడటానికి ఒళ్లు తయారుచేసుకున్న పదార్థాలను చూసే యాంటీబాడీ పరీక్ష మాత్రం జబ్బు నయమైన నెలల తర్వాత కూడా పాజిటివ్ అనే చూపవచ్చు. అందుకని ‘మళ్లీ పాజిటివ్’ అని రిపోర్టు వచ్చినంత మాత్రాన గుండె జారిపోనక్కరలేదు. ఇంకొక సంగతి. టిక్ ఫీవర్‌కు ఇచ్చే డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్‌కు వాపు తగ్గించే గుణం కూడా కొంత ఉంది. దానితో లడ్డూ నాలుగు రోజులు తేరుకున్నాడంటే జబ్బు అదే అని తేలిపోయినట్టు కాదు.

ఇన్ని చెప్పాక కూడా ఒక మాట ముందే తెలిసి ఉండాలి. అన్ని పరీక్షలు చేసినా కొన్ని కుక్కల్లో కారణం దొరకదు. డాక్టర్లు వాటికి ‘కారణం తెలియని కీళ్లవాపు’ అనే అర్థం వచ్చే పేరే పెట్టుకున్నారు, ఆ పేరుతోనే వైద్యం చేస్తారు, చాలా కుక్కలు తేరుకుంటాయి కూడా. మీరు ‘జబ్బేంటో తెలిస్తే చాలు’ అని రాశారు. నాకు ఆ వాక్యం దగ్గరే భయమేసింది. పేరు తెలిసేదాకా మీకు నిద్ర ఉండదు, పేరు తెలిసేదాకా లడ్డూకు నొప్పి తగ్గదు అని ఈ రెంటినీ మీ మనసు ఒకే ముడిలో కట్టేసింది. ఆ ముడి విప్పండి. నొప్పిని నొప్పిగా తగ్గించే మందులు కుక్కలకు విడిగా ఉన్నాయి. ఈసారి వెళ్లినప్పుడు ‘పరీక్షలు నడుస్తున్నంతకాలం వాడి నొప్పికి ఏమిస్తారు?’ అని సూటిగా అడగండి. మొహమాటపడకండి.

ఆసుపత్రిలోకి అడుగు పెట్టగానే కుక్క చాలాసార్లు కుంటడం మానేస్తుంది. భయానికో హుషారుకో కాళ్లు వాటంతట అవే కదులుతాయి, డాక్టరుకు బాగున్న కుక్క కనబడుతుంది. అందుకే పొద్దున వాడు లేచే ఆ రెండు నిమిషాలు ఫోన్‌లో వీడియో తీయండి. ముందు కాళ్ల మీద లేచి వెనక భాగాన్ని ఈడుస్తున్నాడా, వీపు గూనిగా పెడుతున్నాడా, ఏ కాలు నేలకు ఆనించడం లేదు, అవన్నీ అందులో పడాలి. ఒక నోట్‌బుక్ పెట్టుకుని రోజూ ఒకే వేళకు జ్వరం చూసి రాయండి. డిజిటల్ థర్మామీటరు కొనకు కొద్దిగా వాజెలిన్ రాసి మలద్వారంలో పెట్టి చూస్తారు. 101 నుంచి 102.5 ఫారెన్‌హీట్ దాకా కుక్కకు మామూలే, మన లెక్కలో జ్వరమని కంగారు పడొద్దు. 104 దాటితే డాక్టరుకు ఫోన్ చేయాలి. ఏ కాలు, ఎంత తిన్నాడు, ఏ మందు ఎన్నింటికి, అంతే, అంతకంటే రాయనక్కరలేదు.

ఆ వీడియోలు, పాత రిపోర్టులన్నీ ఒకే ఫైలులో పెట్టి ఒకే డాక్టరు చేతిలో పెట్టండి. ఇప్పటిదాకా ప్రతి డాక్టరూ కథను మధ్యలోంచే విన్నారు. పెద్ద పరీక్షలు కావాలంటే రాజేంద్రనగర్‌లో వెటర్నరీ కాలేజీ ఆసుపత్రి ఉంది, నారాయణగూడలో ప్రభుత్వ సూపర్ స్పెషాలిటీ వెటర్నరీ ఆసుపత్రి ఉంది. కీళ్ల ద్రవం పరీక్ష సంగతి ముందు ఫోన్ చేసి కనుక్కుని బయల్దేరండి. మల్కాజిగిరి నుంచి రాజేంద్రనగర్ దాకా ట్రాఫిక్‌లో నొప్పితో ఉన్న కుక్కను ఊరికే తిప్పడం వాడికీ మీకూ శిక్షే.

ఇక ఇంటి సంగతి. మీ ఆయన గురించి మీరు రాసిన రెండు వాక్యాలనూ పక్కపక్కన పెట్టి చదివాను. ‘ఇక చాలు’ అన్నారు. ముప్పై కిలోలు తూగే జంతువును రాత్రిపూట మూడంతస్తులు దింపి, మళ్లీ ఎక్కిస్తున్నారు. ప్రేమ లేని మనిషి ఆ పని చేయడు. ఆయన అంటున్నది లడ్డూ చాలు అని కాదు, ఈ అంతులేని ఖర్చు చాలు అని. బిల్లు ఎంతవుతుందో, ఎప్పటికి ఆగుతుందో తెలియకపోతే ఎవరికైనా భయమే. ఒక ఆదివారం ఇద్దరూ కూర్చుని ఈ నెలకు ఇంత అని ఒక అంకె అనుకోండి. దేనికి ముందు ఖర్చు పెట్టాలో డాక్టరునే అడగండి. ‘ఒకే పరీక్ష చేయించగలిగితే ఏది చేయించమంటారు?’ అంటే మంచి డాక్టరు నొచ్చుకోరు. కుదిరితే ఈసారి ఆసుపత్రికి ఆయనను కూడా తీసుకెళ్లండి. మీ నోట రెండోసారి వినే బదులు డాక్టరు నోట నేరుగా వింటారు.

ఆయన నడుమును కాపాడే పని కూడా ఒకటుంది. పెంపుడు కుక్కలను లిఫ్టులోకి రానివ్వబోమని నివాసుల సంఘాలు నిషేధం పెట్టకూడదని భారత జంతు సంక్షేమ బోర్డు 2015లో ఇచ్చిన మార్గదర్శకాల్లో ఉంది. దాన్ని ప్రింట్ తీసి, డాక్టరు చీటీ జతచేసి, అసోసియేషన్ సెక్రటరీకి మర్యాదగా ఒక ఉత్తరం ఇవ్వండి. కుక్కంటే భయపడేవాళ్లు ఉంటే వాళ్లు దిగాక ఎక్కుతామని మీరే అందులో రాయండి. గొడవ సగం అక్కడే చల్లారుతుంది.

అత్తమ్మ మాట మిమ్మల్ని గుచ్చిందని తెలుస్తూనే ఉంది. కానీ అమ్మా, ఆమె అడిగింది న్యాయమైన ప్రశ్న. ఆమెకు మోకాళ్ల నొప్పులు ఎన్నాళ్లుగా ఉన్నాయి, ఎవరు చూశారు, ఏ మాత్ర ఎవరు రాశారు, ఇవేవీ మీ ఉత్తరంలో లేవు. బహుశా మందుల షాపులో అడిగి తెచ్చుకుంటున్నదేమో. అలా ఏళ్ల తరబడి మింగితే ఆమె కడుపుకూ కిడ్నీలకూ కూడా మంచిది కాదు. లడ్డూ అపాయింట్‌మెంటు పెట్టిన వారంలోనే ఆమెకూ కీళ్ల డాక్టరు దగ్గర ఒకటి పెట్టించండి. నోరు మూయించడానికని కాదు, ఆమెకు నిజంగా నొప్పి ఉంది కాబట్టి. పొద్దున మంచం దిగేటప్పుడు కీళ్లు బిగుసుకుంటే ఎలా ఉంటుందో ఆ ఇంట్లో ఒంటితో తెలిసిన మనిషి ఆమె ఒక్కతే. ‘అత్తమ్మా, పొద్దున మీకు ఎట్లుంటది, వేడి కాపడం హాయిగా ఉంటదా?’ అని అడిగి చూడండి. ఇన్నాళ్లకు ఎవరో అడిగారని ఆమె మనసు ఎంత మెత్తబడుతుందో మీరే చూస్తారు. లడ్డూకు మాత్రం వేడి కాపడం డాక్టరును అడగకుండా పెట్టకండి, వాచి కాలుతున్న కీలుకు అది పడకపోవచ్చు.

ఇల్లంతా టైల్స్ అయి ఉంటుంది. నొప్పితో ఉన్న కుక్కకు నున్నటి నేల ప్రతి అడుగులోనూ భయమే. వాడు పడుకునే చోటు నుంచి నీళ్ల గిన్నె దాకా, అక్కడి నుంచి తలుపు దాకా జారని రబ్బరు చాపలు పరచండి. కింద మందపాటి పరుపు. నిలబడేటప్పుడు పాత తువ్వాలు పొడుగ్గా మడిచి పొట్ట కింద నుంచి, వెనక కాళ్లకు ముందుగా చుట్టి, రెండు కొసలూ పైకి పట్టుకుంటే వెనక బరువు మీ చేతుల్లోకి వస్తుంది. ఎత్తనక్కరలేదు, ఆసరా చాలు. బరువు తగ్గించమన్న డాక్టరు మాట కూడా నిజమే, అదొక్కటే కారణం కాకపోయినా. రేపు స్టెరాయిడ్లు మొదలైతే వాడికి విపరీతమైన ఆకలి, దాహం వేస్తాయి, మూత్రం ఎక్కువసార్లు పోస్తాడు. అది మందు గుణం. తిట్టకండి, తిండి మాత్రం పెంచకండి. ఆ మాత్రలు నెలల తరబడి మెల్లగా తగ్గించుకుంటూ రావాలి. బాగైపోయాడు కదా అని ఒక్కసారిగా ఆపితే ప్రాణం మీదికి వస్తుంది.

పక్కింటావిడ సలహా పక్కన పెట్టండి. ఆరేళ్ల కుక్క, చేయవలసిన పరీక్ష ఇంకా చేయలేదు, ఇవ్వవలసిన మందు ఇంకా ఇవ్వలేదు. ఆ మాటకు ఇది వేళ కాదు.

ఏడవడం తప్పా అని అడిగారు. కాదు. అమెరికాలో కెంట్ స్టేట్ యూనివర్సిటీకి చెందిన మేరీ బెత్ స్పిట్జ్‌నేగల్ బృందం 2017లో దీని మీద ఒక అధ్యయనం ప్రచురించింది. జబ్బుపడ్డ పెంపుడు జంతువును చూసుకునేవాళ్లలో ఒత్తిడి, దిగులు, ఆందోళన ఎక్కువగా ఉంటాయని అందులో తేలింది. మీరు మనసు బలహీనమై ఏడవడం లేదు, నెలలుగా రాత్రీ పగలూ ఒక రోగికి కాపలా ఉంటున్నారు. వారంలో కొన్ని రాత్రులు లడ్డూ పక్కన మీ ఆయన పడుకోవాలి, మీరు వేరే గదిలో తలుపేసుకుని పడుకోవాలి. అడగండి, ఒప్పుకుంటారు. అప్పటికీ నిద్ర పట్టక, పనిలో ఏడుపు ఆగకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ లైను టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి. డబ్బు కట్టనక్కరలేదు, ఏ వేళనైనా తెలుగులోనే మాట్లాడవచ్చు. కుక్క కోసం అని చెప్పడానికి సిగ్గుపడకండి.

సోమవారం పొద్దున మొదట డాక్టరుకు ఫోన్ చేసి కీళ్ల ద్రవం పరీక్షకు రోజు ఖాయం చేసుకోండి. మత్తు ఇస్తారు కాబట్టి ముందు రాత్రి ఎన్ని గంటల నుంచి తిండి ఆపాలో అప్పుడే అడిగి రాసుకోండి. ఆ రాత్రి చపాతీ ముక్క కూడా పెట్టొద్దని అత్తమ్మకు ముందుగానే చెప్పి ఉంచండి.