చిరుతపులి భయానికి కొత్త చట్టం కన్నా అడవికి నిధులే ముఖ్యం

మీరు రెండు విషయాలు అడిగారు. విశాఖపట్నంలో ఆరిలోవ వైపు చిరుతపులి తిరుగుతోందంటున్నారు కాబట్టి ప్రజల రక్షణకు మన రాష్ట్రం సొంతంగా చట్టం చేయవచ్చా అన్నది మొదటిది. జనం భయంతో ఉంటే పక్కనే ఉన్న కంబాలకొండ అడవికి డబ్బు ఖర్చు పెట్టడం ఎందుకన్నది రెండోది. నేను ఆ కొండ అంచున ఉన్న కాలనీలోనే చాలా ఏళ్లుగా ఉంటున్నాను. మా సంక్షేమ సంఘం తరఫున అటవీ సిబ్బందితో మాట్లాడే పని నాదే.

చట్టం చేయవచ్చు, కానీ అంత తేలిక కాదు. 1976లో 42వ రాజ్యాంగ సవరణతో అడవులు, వన్యప్రాణుల రక్షణ కేంద్రం, రాష్ట్రం రెండూ చట్టాలు చేయగల ఉమ్మడి జాబితాలోకి వెళ్లాయి. 1972 నాటి కేంద్ర వన్యప్రాణి సంరక్షణ చట్టానికి భిన్నంగా రాష్ట్రం ఏదైనా తేవాలంటే రాష్ట్రపతి ఆమోదం కావాలి. కేరళ శాసనసభ 2025 అక్టోబరులో ఇలాంటి సవరణ బిల్లునే ఆమోదించింది. ఏనుగులతో, అడవిపందులతో అక్కడి రైతులు పడుతున్న బాధ నిజం, వారి తొందరను నేను తప్పుపట్టను. మన ఊరి సమస్య వేరు. ఇక్కడ కావలసిన అధికారం పాత చట్టంలోనే ఉంది. మనుషుల ప్రాణాలకు ముప్పుగా మారిన జంతువును పట్టుకోవడానికి 11వ సెక్షన్ కింద రాష్ట్ర చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ రాతపూర్వకంగా అనుమతి ఇవ్వవచ్చు. బంధించడానికి, మత్తు ఇవ్వడానికి, మరోచోటికి తరలించడానికి వీలు కాదని తేలితేనే చంపమని ఆదేశించాలి. ఈ షరతు ఉండి తీరాలని నా అభిప్రాయం.

మా వీధి చివర ఒకసారి అడుగుజాడలు కనిపించాయి. అందరం బోను పెట్టాలని పట్టుబట్టాం. అటవీ శాఖ బీట్ ఆఫీసర్ వచ్చి తడి మట్టి దగ్గర కూర్చుని చూపించారు: కుక్క అడుగయితే వేళ్ల ముందు గోళ్ల గుర్తులు పడతాయి, చిరుత నడిచేటప్పుడు గోళ్లు లోపలికి ముడుచుకుంటుంది కాబట్టి పడవు. అక్కడ గోళ్ల గుర్తులు లేవు. ఆ తర్వాత ఆయన ప్రహరీ పక్కన పడి ఉన్న సంచుల వైపు తిరిగి, వాటిని ఎవరు వేస్తున్నారని అడిగారు. అవి కోళ్ల దుకాణాల వ్యర్థాలు. ఈకలు, పేగులు, వాటి చుట్టూ రాత్రంతా వీధికుక్కల గుంపు. చిరుతకు కుక్క సులువుగా దొరికే ఆహారం. అంటే దాన్ని మా గుమ్మం దాకా పిలుస్తున్నది మా చెత్తే.

బోను పెట్టి పట్టుకుపోతే పీడ వదులుతుందనుకునేవారు ఒక సంగతి తెలుసుకోవాలి. మహారాష్ట్రలోని జున్నర్ ప్రాంతంలో 2001 నుంచి కొన్నేళ్లపాటు చిరుతలను పట్టి వేరే అడవుల్లో వదిలారు. మనుషులపై దాడులు తగ్గకపోగా పెరిగాయి. అలవాటైన చోటు నుంచి తెచ్చి వదిలిన చిరుత కొత్త చోట కుదురుగా ఉండదు. ఖాళీ అయిన చోటికి మరొకటి వస్తుంది.

అందుకే మీ రెండో ప్రశ్న నాకు మొదటిదాని కన్నా ముఖ్యం. కంబాలకొండను 2002లో అభయారణ్యంగా ప్రకటించారు. విస్తీర్ణం సుమారు 70 చదరపు కిలోమీటర్లు. ఒకవైపు జాతీయ రహదారి, మరోవైపు అడవివరం రోడ్డు, చుట్టూ పెరుగుతున్న కాలనీలు. లోపల వేసవిలో నీళ్లు, తినడానికి జింకలు, అడవిపందులు ఉంటే చిరుతకు బయటికి రావలసిన అవసరం తగ్గుతుంది. నీటి తొట్లు నింపడం, మంటలు పాకకుండా ఫైర్‌లైన్లు వేయడం, లంటానా కలుపు పొదలు తీసి గడ్డి పెరగనివ్వడం, ఇవన్నీ డబ్బుతో జరిగే పనులు. అడవి మీద పెట్టే ఆ ఖర్చు కాలనీల రక్షణ మీద పెట్టే ఖర్చే.

ఆ డబ్బు ముఖ్యంగా రెండు దారుల్లో వస్తుంది. వన్యప్రాణి ఆవాసాల సమగ్ర అభివృద్ధి పథకంలో కేంద్రం 60 శాతం, మనలాంటి రాష్ట్రాలు 40 శాతం భరించాలి. వన్యప్రాణి దాడిలో మరణించినవారి కుటుంబానికి ఈ పథకం కింద ఇచ్చే పరిహారాన్ని 2023లో 5 లక్షల నుంచి 10 లక్షల రూపాయలకు పెంచారు. రెండోది కంపా నిధి, అంటే పోయిన అడవికి బదులు అడవి పెంచడానికి ఉద్దేశించిన నిధి. అటవీ భూమిని గనులకో, రోడ్లకో ఇచ్చినప్పుడు తీసుకున్న సొమ్ములో 90 శాతం 2016 నాటి చట్టం ప్రకారం రాష్ట్రానికే వస్తుంది. ఇది అడవిని పోగొట్టుకున్నందుకు వచ్చిన డబ్బు. మళ్లీ అడవికే చేరాలని గట్టిగా అడగాలి.

ఎలా అడగాలంటే, అటవీ శాఖ డివిజన్ కార్యాలయంలో పది రూపాయల రుసుముతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. అభయారణ్యం వార్షిక ప్రణాళికలో ఏయే పనులున్నాయి, ఎంత మంజూరైంది, ఎప్పుడు విడుదలైంది, ఎంత ఖర్చయిందో విడివిడిగా రాయమనండి. విడుదల తేదీ తప్పకుండా అడగండి. వేసవి దాటాక వచ్చిన డబ్బుతో ఆ ఏడు నీటి తొట్లు నిండవు. ముప్పై రోజుల్లో జవాబు ఇవ్వాలి. దాన్ని జతచేసి, రాష్ట్ర వాటా సకాలంలో విడుదలవుతోందా అని బడ్జెట్ సమావేశాల్లో అడగమని మీ శాసనసభ్యుడికి వినతిపత్రం ఇవ్వండి. అదే రోజు కోళ్ల దుకాణాలవారితో కూడా మాట్లాడండి. మా వీధిలో వాళ్లు మూడో మాటకే ఒప్పుకున్నారు. ఇప్పుడు వ్యర్థాలు మూతపెట్టిన డబ్బాల్లో నేరుగా చెత్తబండికే వెళ్తున్నాయి.