ఏడు చేపల కథను తెరకెక్కించబోతున్న అమ్మాయికి

విజయనగరం

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

నువ్వు పంపిన స్క్రిప్టునూ, కళింగపట్నం ఒడ్డున తీసిన నమూనా ఫోటోలనూ శ్రద్ధగా చూశాను. ఏడు చేపల కథను పది నిమిషాల చిత్రంగా తీయాలనీ, అంతకు ముందు అదే కథను వరుస ఫోటోలుగా ప్రదర్శనకు పెట్టాలనీ నువ్వు తలపెట్టడం నాకు ఎంతో సంతోషంగా ఉంది. తెలుగు ఇళ్ళలో దాదాపు ప్రతి బిడ్డా అన్నం తింటూ విన్న కథ అది. చూడబోయే వాళ్ళందరి మనసుల్లోనూ ఆ చేప, ఆ గడ్డిమేటు, ఆ చీమ ఇప్పటికే ఉన్నాయి కనుక నీ పని సులువు కాదు.

నోటి కథకూ కెమెరాకూ మధ్య ఉన్న ప్రధానమైన తేడాను నువ్వు ఇంకా పూర్తిగా పట్టించుకోలేదని నాకు అనిపించింది. "అనగనగా ఒక రాజు" అన్నప్పుడు ఆ రాజుది ఏ ఊరో, ఏ రంగు బట్ట కట్టాడో, ఎంత వయసువాడో చెప్పవలసిన అవసరం కథకుడికి లేదు. వినేవాడు తనకు తోచిన రాజును తానే తయారు చేసుకుంటాడు. కెమెరాకు ఆ వెసులుబాటు లేదు. నోటికి "చేప" అంటే చాలు, ఫోటోలో మాత్రం అది కానాగంతో కొర్రమీనో అయి తీరాలి, ఇసుక మీదో వల మీదో ఉండాలి, పొద్దుటి ఎండలోనో మధ్యాహ్నపు ఎండలోనో కనబడాలి. కథ చెప్పకుండా వదిలేసిన ఇలాంటి వందల సంగతులను నిర్ణయించడమే అనుసరణ రాసేవాడి అసలు పని. నీ స్క్రిప్టులో "అద్భుతమైన రాజభవనం", "మాయా వాతావరణం" అన్న మాటలు కనిపించిన ప్రతిచోటా నువ్వు ఆ నిర్ణయాన్ని మరొకరికి వదిలేశావు. అవి కొట్టేసి, అక్కడ ఏముందో రాయి.

మాట్లాడే చేప సంగతి కాస్త వివరంగా చెబుతాను. నువ్వు చేప నోటిని కంప్యూటర్ సాయంతో కదిలించాలనుకున్నావు. అది చూసి రాజకుమారుడు ఉలిక్కిపడి రెండడుగులు వెనక్కు వేస్తాడని రాశావు. ఈ రెండింటినీ తీసేయమని నా సలహా. కథలో చేప బదులు చెప్పినప్పుడు ఎవరూ ఆశ్చర్యపోరు. రాజకుమారుడు అడుగుతాడు, చేప చెబుతుంది, అతను తిన్నగా గడ్డిమేటు దగ్గరకు నడుస్తాడు. చేపకూ గడ్డికీ చీమకూ మాట ఉండడం ఆ లోకంలో మామూలు విషయం. పాత్ర ఉలిక్కిపడిన మరుక్షణం కథ మన లోకంలోకి వచ్చి పడుతుంది, ఇక్కడ మాట్లాడే చేప ఒక వింత తప్ప మరేమీ కాదు. పైగా, చెప్పేటప్పుడు ఎవరికీ తట్టని ఒక సంగతిని కెమెరా దాచలేదు: ఎండబెట్టిన చేప చచ్చిన చేప. దాని కంటిని దగ్గరగా చూపించి నోరు కదిలిస్తే చిన్నపిల్లలు జడుసుకుంటారు. కనుక చేప మీద షాట్ నిలిపి ప్రశ్న వినిపించు. జవాబు వచ్చేటప్పుడు వింటున్న రాజకుమారుడి ముఖం చూపించు. ఆ జవాబును ఏ గొంతుతో చెప్పిస్తావన్నదాని మీదే నమ్మకం అంతా ఆధారపడుతుంది, దాని కోసం ఎన్నాళ్ళయినా వెతుకు.

సాంకేతికతను నేను తక్కువ చేయడం లేదు. 1697లో ఫ్రెంచి రచయిత పెరో అచ్చు వేసిన సిండ్రెల్లా కథలో గుమ్మడికాయ బండిగా మారుతుంది. గారడీ విద్య తెలిసిన జార్జి మెలియెస్ 1899లో దాన్ని తెర మీద చేసి చూపించాడు: కెమెరాను ఆపాడు, గుమ్మడికాయను తీసి బండిని పెట్టాడు, కెమెరాను మళ్ళీ తిప్పాడు. జాఁ కాక్టో 1946లో తన 'అందగత్తె, మృగం' సినిమాలో గోడల్లోంచి దీపాలు పట్టుకున్న చేతులను పొడుచుకు వచ్చేలా చేశాడు. అవి గోడ వెనక నిలబడ్డ మనుషుల నిజమైన చేతులు. అవి నిజమైన చేతులు కావడం వల్లనే, కొద్దిగా కదలడం వల్లనే, ఆ ఇంటి మాయ ఇప్పటికీ ఒళ్ళు జలదరింపజేస్తుంది. మన దగ్గర 1951 నాటి పాతాళ భైరవి చూడు. సాహసవంతుడైన యువకుణ్ణి బలి ఇస్తే తప్ప దేవి ప్రత్యక్షం కాదన్న నియమాన్ని ముందే ప్రేక్షకుడికి తెలియజేస్తారు కనుక మాంత్రికుడు తోటరాముణ్ణి గుహకు తీసుకుపోతున్నంతసేపూ మనకు గుండె దడదడలాడుతుంది. ఉపాయం పాతదైనా కొత్తదైనా ఫరవాలేదు, మాయకు ఒక నియమం ఉండాలి, ఆ నియమం పాత్రలకు తెలిసి ఉండాలి.

నీ కథకు తనదైన ఒక నడక ఉంది. రాజు దగ్గర మొదలవుతుంది, కొడుకుల దగ్గరకు, చేప దగ్గరకు, అక్కడి నుంచి గడ్డిమేటు, ఆవు, గొల్లవాడు, అవ్వ, ఏడ్చే పిల్లవాడు, చివరకు చీమ. మా ఇంట్లో చెప్పే పద్ధతిలో ప్రశ్నకు జవాబు చెప్పుకున్నవాళ్ళు కూడా సరిగ్గా ఏడుగురే. పెద్ద పదవి నుంచి చిన్న ప్రాణి దాకా కథ దిగుతూ పోతుంది, చివరి న్యాయం చీమకే దక్కుతుంది. కెమెరాకు ఇంతకన్నా మంచి సూచన ఎవరిస్తారు? మొదటి షాట్‌లో సముద్రమంతా కనబడనీ, ప్రతి ప్రశ్నకూ కెమెరాను మరి కాస్త కిందికి దించి దగ్గరకు తీసుకుపో, చివరకు తెరంతా చీమే నిండనీ. అలా చేస్తే అదే ప్రశ్న ఏడుసార్లు వినిపించినా ప్రేక్షకుడికి విసుగు రాదు. నువ్వేమో విసుగు వస్తుందన్న భయంతో ఆవునూ గొల్లవాణ్ణీ ఒకే సన్నివేశంలో కలిపేశావు. విడదీయి.

బంగారు పుట్టకు బంగారు రంగు పూయవద్దు. చీమకు అది తన ఇల్లు కనుక బంగారం. మన ప్రాంతంలో ఎర్రమట్టి పుట్టలకు కొదవ లేదు. సాయంత్రపు ఏటవాలు ఎండలో, కెమెరాను నేలకు ఆనించి, చీమ చూసే ఎత్తు నుంచి తీస్తే చాలు.

ఫోటోల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. ఫోటో "ఇది జరిగింది" అంటుంది, కథ "ఎప్పుడో ఒకప్పుడు" అంటుంది. 1917లో ఇంగ్లండులోని కాటింగ్లీ ఊళ్ళో ఇద్దరు ఆడపిల్లలు కాగితపు బొమ్మలను కత్తిరించి, టోపీ సూదులతో నిలబెట్టి దేవకన్యల ఫోటోలు తీస్తే, షెర్లాక్ హోమ్స్‌ను సృష్టించిన కానన్ డాయిల్ అంతటివాడు అవి నిజమని నమ్మి రాశాడు. అవి కాగితం బొమ్మలని వాళ్ళు ఒప్పుకున్నది 1983లో. ఫోటోకు ఉన్న ఆ బలాన్ని జనాన్ని నమ్మించడానికి వాడకు. జూలియా మార్గరెట్ కామెరాన్ 1874లో టెన్నిసన్ కావ్యంలోని ఆర్థర్ రాజు గాథలకు ఫోటోలు తీసినప్పుడు ఇంటివాళ్ళకూ తెలిసినవాళ్ళకూ వేషాలు వేసి కూర్చోబెట్టింది. వేషం వేషంలాగే కనబడుతుంది, ముఖం మాత్రం నిజమైన మనిషిది. ఆ రెండూ ఒకే బొమ్మలో ఉండడంలో గొప్ప నిజాయితీ ఉంది. నీ రాజుగా మీ వీధిలోని పెద్దాయన ఎవరినైనా కూర్చోబెట్టు, కిరీటం అట్టముక్కతో చేసినా తప్పు లేదు.

శ్రీకాకుళంలో పుట్టిన వడ్డాది పాపయ్య గారి చందమామ ముఖచిత్రాలను నువ్వు గోడకు అంటించుకున్నావని రాశావు. వాటి రంగులను చూసి నేర్చుకో, భంగిమలను మాత్రం ఫోటోలో దించవద్దు; ఆయన గీతలోని వంపు ఒంటికి రాదు, వచ్చినా బిగుసుకుపోతుంది. రాజభవనానికి డబ్బు లేదన్న నీ బెంగకు నా దగ్గర ఒక ఉపాయం ఉంది. లోటె రైనిగర్ నల్ల కాగితపు ఆకారాలను కింద నుంచి వెలిగించిన అద్దం మీద ఒక్కొక్క ఫ్రేముగా కదిలిస్తూ మూడేళ్ళు పనిచేసి, 1926లో అరేబియన్ నైట్స్ కథలతో పూర్తి నిడివి చిత్రం తెచ్చింది. మనకు రంగుల నీడలు పడే తోలుబొమ్మలు ఉన్నాయి. రాజు ఉన్న మొదటి నిమిషం నీడలతో నడిపించి, కొడుకులు వేటకు బయలుదేరగానే అసలు ఎండలోకి రా.

షూటింగుకు ముందు మన వైపు జముకుల కథ చెప్పేవాళ్ళ దగ్గర ఒక రాత్రి కూర్చో. కథకుడు ఎక్కడ ఆగుతాడో, వంత పాడేవాళ్ళు ఏ మాటను అందుకుని తిరిగి అంటారో రాసుకుంటే, నీ ఎడిటింగుకు కావలసిన లయ అక్కడే దొరుకుతుంది. శ్రీకాకుళంలో కాళీపట్నం రామారావు గారు 1997లో నెలకొల్పిన కథల గ్రంథాలయం కథానిలయానికి కూడా వెళ్ళి, పాత పత్రికల్లో జానపద కథలను ఎలా తిరిగి చెప్పారో చూడు.

చివరగా రెండు పనులు. ఒడ్డున చేపలు ఎండబెట్టే ఆడవాళ్ళ అనుమతి ముందే తీసుకుని, వాళ్ళ పని పోయిన పూటకు కూలి లెక్క కట్టి ఇవ్వు. వాళ్ళ వందల నెత్తళ్ళ మధ్య నీ ఏడు చేపలు కలిసిపోకుండా పక్కన విడిగా పరుచు. పిల్లలు వేలు పెట్టి లెక్కపెడతారు. ఇక స్క్రిప్టులో పసివాడి వేలిని పుట్టలో పెట్టించే షాట్ ఉంది. అది వద్దు. ఖాళీ పుట్టను విడిగా తీయి, చేతిని విడిగా తీయి, ఏడుపును ఎప్పుడో ఆకలికి ఏడ్చినప్పుడు రికార్డు చేసుకుని కలుపు. ఏ బిడ్డనూ ఏడిపించి షాట్ తీయవద్దు. మార్చిన ప్రతిని సంక్రాంతి లోపు పంపితే చదివి వెంటనే రాస్తాను.

ఆశీస్సులతో,
నీ మాస్టారు