ఇంట గెలిచాం సరే, బ్లూమింగ్టన్‌లో రచ్చ గెలుస్తామా?

సందేహం: అక్కా, ఆగస్టులో ఇక్కడ ఇండియానా రాష్ట్రంలో పర్డ్యూ యూనివర్సిటీలో ఎమ్మెస్‌కి వచ్చాను. వారం రోజులుగా మా ల్యాబ్‌లో ఒకటే గోల, బ్లూమింగ్టన్‌లో ఇండియానా యూనివర్సిటీతో బాస్కెట్‌బాల్ మ్యాచ్ అని. మన టీమ్ ర్యాంకు పైన ఉంది, వాళ్ళు దేశంలో టాప్ 25లోనే లేరు. అయినా అందరి మొహాలూ ఎంసెట్ రిజల్ట్స్ రోజులా ఉన్నాయి. ఇంత టెన్షన్ ఎందుకు? నన్నూ కార్లో రమ్మంటున్నారు. వెళ్ళొచ్చా?

జవాబు: వెళ్ళు తమ్ముడూ, తప్పకుండా వెళ్ళు. కానీ ఆ ర్యాంకు సంగతి మాత్రం ల్యాబ్‌లో ఎవరి ముందూ ఎత్తకు. ఆ ధీమా ఎంతవరకు నిలుస్తుందో పర్డ్యూ వాళ్ళకి బాగా తెలుసు. 2023 ఫిబ్రవరి 4న మనవాళ్ళు దేశంలో నంబర్ వన్‌గా అక్కడికి వెళ్ళారు. అప్పటికి 22 గెలిచి ఒక్కటే ఓడారు. ఏడడుగుల నాలుగంగుళాల మన జాక్ ఈడీ ఆ రోజు 33 పాయింట్లు కొట్టి, 18 రీబౌండ్లు, అంటే బుట్ట తప్పిన బంతులు, పట్టాడు. అయినా 79-74తో ఓడిపోయాం. బజర్ మోగగానే వాళ్ళ స్టూడెంట్లు కోర్టు మీదకి దూకేశారు.

మా ఇంట్లో నేను పర్డ్యూ, మా ఆయన ఇండియానా. ఇండియానాపోలిస్ చుట్టుపక్కల తెలుగు ఇళ్ళలో ఇలాంటి జంటలు అరుదేం కాదు. ఊరు రెండు యూనివర్సిటీలకీ మధ్యలో ఉంది, ఎటు వెళ్ళినా గంటో, కాస్త ఎక్కువో. ఆ వారం మా ఇంట్లో కూడా మాటలు తగ్గుతాయి, కాబట్టి మీ ల్యాబ్ వాళ్ళ బాధ నాకు అర్థమవుతుంది.

ముందు లెక్క చెప్తాను. ఈ రెండు టీములూ ఆడే కాన్ఫరెన్స్, అంటే లీగ్, పేరు బిగ్ టెన్. పేరుకే పది, 2024 నుంచి అందులో 18 టీములు. ఒక్కో టీమ్ 20 కాన్ఫరెన్స్ మ్యాచ్‌లు ఆడుతుంది, అందులో సగం బయట. సొంత గడ్డ మీద, అంటే మనకి మాకీ ఎరీనాలో, గెలవడం కనీస బాధ్యత. అక్కడ గెలిస్తే ఎవరూ పెద్దగా పొగడరు, ఓడితే మాత్రం వారం రోజులు తిడతారు. లీగ్ టైటిల్ తేలేది బయటి మ్యాచ్‌లలోనే. మార్చిలో జరిగే ఎన్‌సీఏఏ టోర్నమెంటుకి, అంటే కాలేజీల జాతీయ పోటీకి, టీముల్ని ఎంపిక చేసేటప్పుడు కమిటీ కూడా ఇదే చూస్తుంది. వాళ్ళ దగ్గర నెట్ అనే ర్యాంకింగ్ ఉంటుంది, దాన్ని బట్టి గెలుపుల్ని నాలుగు రకాలుగా విడదీస్తారు. మొదటి రకాన్ని క్వాడ్ వన్ అంటారు. సొంత కోర్టులో అయితే నెట్‌లో టాప్ 30లో ఉన్న టీమ్‌ని ఓడిస్తేనే ఆ గెలుపు అందులోకి వస్తుంది. అదే వాళ్ళ ఊరు వెళ్ళి ఆడితే టాప్ 75లో ఎవరిని ఓడించినా చాలు. బయట గెలవడం ఎంత కష్టమో కమిటీయే ఒప్పుకుందన్నమాట. మీ వాళ్ళు పొద్దస్తమానం "క్వాడ్ వన్, క్వాడ్ వన్" అని జపం చేసేది అందుకే.

ఇక కష్టం ఎక్కడొస్తుందంటే, ఇండియానా వాళ్ళ సొంత స్టేడియం అసెంబ్లీ హాల్ కట్టిన తీరులోనే సగం ఉంది. 1971లో తెరిచారు, 17,222 మంది పడతారు. కోర్టుకి రెండు పక్కలా సీట్లు నిటారుగా పైకి లేస్తాయి. పై వరసలో కూర్చుని కిందకి చూస్తే మొదటిసారి కాస్త కళ్ళు తిరుగుతాయి. అంత నిట్టనిలువు గోడల మధ్య పదిహేడు వేల గొంతులు ఒక్కసారి లేస్తే పక్కనున్నవాడి మాట కూడా వినపడదు. మన కోచ్ మాట్ పెయింటర్ బెంచి దగ్గర ఎంత అరిచినా అవతలి చివర ఆట నడిపే పాయింట్ గార్డ్‌కి చేరదు. చేతి సైగలే గతి. షాట్ క్లాక్, అంటే బంతి చేతికొచ్చాక షాట్ వేయడానికి ఉండే గడువు, 30 సెకన్లే. సైగ అర్థమై అందరూ తమ తమ చోట్లకి చేరేసరికి పది సెకన్లు హుష్. ఇక మిగిలేది తొందరపాటు షాటే.

ఇంకోటి ఫౌల్స్. కాలేజీలో అయిదు ఫౌల్స్ చేస్తే ఆటగాడు బయటికి వెళ్ళిపోవాల్సిందే, ఎన్‌బీఏలోలా ఆరు కాదు. మొదటి సగంలోనే రెండు పడ్డాయంటే చాలామంది కోచ్‌లు వాడిని బెంచి మీద కూర్చోబెట్టేస్తారు. బుట్ట దగ్గర ఆడే మన పొడుగాటి సెంటర్‌కి తొలి ఎనిమిది నిమిషాల్లో రెండు పడితే మీ ల్యాబ్ వాళ్ళ మొహాలు చూడు, అప్పుడు తెలుస్తుంది. రిఫరీలు పక్షపాతం చూపిస్తారని నేననను, మా ఆయన ముందైతే అసలే అనను. కానీ వాళ్ళూ మనుషులే, ఆ హోరు వాళ్ళ చెవులకీ వినిపిస్తుంది.

అన్నిటికన్నా భయపెట్టేది వరస దెబ్బ, అంటే ఒక టీమ్ ఆపకుండా పాయింట్లు కొట్టుకుంటూ పోవడం. ఇక్కడ దాన్ని రన్ అంటారు. ఉదాహరణకి 2025 ఫిబ్రవరి 23 మ్యాచ్. సగం ఆట అయ్యేసరికి మనవాళ్ళు 37-25తో ముందున్నారు. గెలిచేశామనే అనుకున్నాం. రెండో సగంలో వాళ్ళు 48 కొట్టారు, మనం 21. చివరికి 73-58. రెండు బుట్టలు వరసగా పడగానే హాలు లేచి నిలబడుతుంది, మూడోది పడితే మన కోచ్ టైమ్ అవుట్ అడుగుతాడు, ఆ విరామంలో బ్యాండు ఇంకా రెచ్చగొడుతుంది. దీనికి తోడు రెండో సగం చివరి దశలో ఒక విరామంలో విలియమ్ టెల్ ఓవర్చర్ వాయిస్తూ చీర్‌లీడర్లు పెద్ద పెద్ద జెండాలు పట్టుకుని కోర్టంతా పరిగెడతారు. ప్రత్యర్థినైనా ఒప్పుకోవాలి, చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంటుంది.

అన్నట్టు, ఆ ఫిబ్రవరి 23కి పాత చరిత్ర ఒకటుంది. సరిగ్గా నలభై ఏళ్ళ ముందు, 1985లో అదే తేదీన, అదే హాల్లో, పర్డ్యూతోనే ఆడుతుండగా ఇండియానా కోచ్ బాబ్ నైట్ రిఫరీల మీద కోపంతో ఎర్ర ప్లాస్టిక్ కుర్చీ తీసి కోర్టు మీదకి విసిరాడు. ఆ మ్యాచ్ పర్డ్యూయే గెలిచింది. నీ పక్కన పెద్దవాళ్ళెవరైనా "కుర్చీ" అని నవ్వుకుంటుంటే సంగతి ఇదీ. పైకప్పు కింద వేలాడే అయిదు బ్యానర్లు వాళ్ళు గెలిచిన జాతీయ ఛాంపియన్‌షిప్‌లు, 1940 నుంచి 1987 దాకా. మనకి ఒక్కటీ లేదు. 2024లో ఫైనల్ దాకా వెళ్ళి కనెక్టికట్ చేతిలో 75-60తో ఓడాం. వాళ్ళు మనల్ని ఎత్తిపొడిచేది దీంతోనే, నవ్వేసి ఊరుకో.

ఇప్పుడు నీ ప్రయాణం. మాకీకి తీసుకున్న స్టూడెంట్ టికెట్ అక్కడ చెల్లదు. బయటి మ్యాచ్‌కి టికెట్ రీసేల్‌లో కొనాలి, ఈ మ్యాచ్‌కి ధర మామూలుగా ఉండదు. ఎవరు కొంటున్నారో, సీట్లు పక్కపక్కనే ఉన్నాయో లేదో ముందే అడుగు. టికెట్ ఫోన్లోనే ఉంటుంది కాబట్టి చార్జింగ్ చూసుకో. వీపుకి తగిలించుకునే బ్యాగు తేకు, గేటు దగ్గరే ఆపేస్తారు.

చలికాలం దారి ఐ-65 హైవే మీద. లఫాయెట్ దాటాక అటూ ఇటూ ఖాళీ పొలాలే, గాలికి మంచు రోడ్డు మీదకి కొట్టుకొస్తుంది, పక్కన లారీలు. రెండు గంటల దారే గానీ, రాత్రి ఎనిమిదికి మొదలయ్యే మ్యాచ్ అయితే తిరిగి ఇల్లు చేరేసరికి ఒంటిగంట దాటుతుంది. కారు ఎవరిది, నడిపేవాడి పేరు ఇన్సూరెన్స్‌లో ఉందా, తిరుగు ప్రయాణంలో తాగకుండా ఉండేదెవరు అన్నవి నిర్మొహమాటంగా అడుగు. మొహమాటపడి ఎక్కడం మన వాళ్ళ జబ్బు. డిక్కీలో ఒక దుప్పటి, మంచినీళ్ళు, ఇంత పులిహోర పెట్టుకోండి. అర్ధరాత్రి దారిలో శాకాహారికి దొరికేది ఫ్రెంచ్ ఫ్రైసే.

బట్టల విషయంలో ఒక్క జాగ్రత్త: ఎరుపు వేసుకోకు. ఇండియాలో కొన్న ఆ ఒక్క మంచి స్వెటరూ ఎర్రదే అయితే ఇంట్లోనే వదిలెయ్యి, అది వాళ్ళ రంగు. మన నలుపూ బంగారు రంగూ వేసుకుని వెళితే మాటలు పడతాయి గానీ సాధారణంగా అంతకు మించి ఏమీ కాదు. ఎవరైనా మన పర్డ్యూ నినాదం "బాయిలర్ అప్" అంటే "హామర్ డౌన్" అని బదులివ్వాలి. నినాదాల్లో టీమ్‌ని తిట్టేవి ఉంటాయి, వాటితో గొంతు కలపాలో వద్దో నీ ఇష్టం. ఆటగాడి ఇంటివాళ్ళనో, దేశాన్నో, రంగునో ఎత్తే అరుపులు వస్తే మాత్రం పక్కకి తప్పుకో. నిన్నే ఎవరైనా అలా అంటే వాదించకు, అటెండెంట్‌కి చెప్పు. వాళ్ళు గెలిచి జనం కోర్టు మీదకి దూకితే నీ వరస కదలకు, తొక్కిసలాట తగ్గాకే కిందకి దిగు.

బెట్టింగ్ మాట కూడా వస్తుంది. ఇండియానాలో 2019 నుంచి చట్టబద్ధమే, 21 నిండాలి. చట్టం ఒప్పుకున్నంత మాత్రాన వచ్చే సెమిస్టర్ ఫీజు డబ్బులు దాని మీద పెట్టకు. అసలు బయటి మ్యాచ్ మీద పందెం కాసేవాడు పర్డ్యూవాడు కాడని నా అభిప్రాయం.

మర్నాడు పొద్దున్న మిడ్‌టర్మ్ ఉంటే మాత్రం ప్రయాణం మానేసి టీవీలో చూడు. అయితే ఏ మ్యాచ్ ఏ ఛానెల్లో వస్తుందో ఒక పద్ధతంటూ లేదు. ఫాక్స్, సీబీఎస్, బిగ్ టెన్ నెట్‌వర్క్, పీకాక్ ఇలా పంచేసుకున్నారు. పీకాక్‌లో అయితే విడిగా డబ్బు కట్టాలి. స్నేహితుల్ని రూముకి పిలిచే ముందు ఆ ఒక్కటీ చూసుకో.