పాత సిటీ వీటెక్ బోర్‌కొచ్చిందా? ముందు కొలిపించండి, ఆ తర్వాతే పార్ట్స్ కొనండి

ప్రశ్న పాలకొల్లు నుంచి వచ్చింది. 2002 హోండా సిటీ 1.5 వీటెక్ (ఇంజన్ వేగం పెరిగినప్పుడు వాల్వులను ఇంకా ఎక్కువ తెరిచే హోండా ఏర్పాటు), రెండు లక్షల కిలోమీటర్లు దాటింది, ఆయిల్ బాగా తాగుతోంది, వెనక నీలం పొగ, పికప్ పోయింది. భీమవరంలో ఒక గ్యారేజీ వాళ్ళు ఫుల్ ఇంజన్ పనికి లక్షా నలభై వేలు చెప్పారట, ఆయన దగ్గర అరవై వేలున్నాయి. ఉన్న ఇంజనే చేయించుకోవాలా, సెకండ్ హ్యాండ్ ఇంజన్ వేసుకోవాలా, అసలు కారు అమ్మేయాలా అని అడుగుతున్నారు.

అమ్మకండి. నాదీ ఇదే కారు, ఇదే ఇంజన్, దాదాపు ఇదే పరిస్థితిలో తణుకులో దించి కట్టించుకున్నాను, ఇప్పటికీ రోజూ నడుపుతున్నాను. అరవై వేలలో అవుతుందా అంటే అది మీరు ఆడే బేరం మీద లేదండి, మీ బోరు (పిస్టన్ ఆడే గొట్టం) ఎంత అరిగింది, క్రాంకు (పిస్టన్లు తిప్పే ఇరుసు) ఎలా ఉంది అన్నదాని మీద ఉంది. లక్షా నలభై చెప్పినవాళ్ళు మోసం చేస్తున్నారని నేను అనను. హెడ్డు, అంటే వాల్వులుండే ఇంజన్ పై భాగం, దించకుండా లెక్క చెప్పమంటే ఎవరైనా అన్నీ కొత్తవి వేస్తామనే చెబుతారు, లేకపోతే మధ్యలో మీకూ వాళ్ళకూ గొడవ. ఆ లెక్కలోంచి అక్కర్లేనివి ఒక్కొక్కటీ కొలతలు చూపించి తీయించడమే మీ పని.

ఈ ఇంజన్ సంగతి కొంచెం చెప్పాలి, ఎందుకంటే మన దగ్గర పని చేసేవాళ్ళకు అలవాటైన ఇంజన్ ఇది కాదు. 75 మి.మీ. బోరు, 84.5 మి.మీ. స్ట్రోకు, 1493 సీసీ, అల్యూమినియం బ్లాకులో ఇనుప స్లీవులు, పైన ఒకే క్యామ్, 16 వాల్వులు, 106 హార్స్‌పవర్. 1998 నుంచి 2003 దాకా వచ్చిన ఆ పాత సిటీ బాడీ తేలిక, అందుకే సెకండ్ గేర్‌లో ఏడు వేల ఆర్‌పీఎం దాకా లాగితే ఈ రోజుకీ ఆ కారు ఇచ్చే ఆనందం వేరు. చూడటానికి సెడాన్, నడపటానికి స్పోర్ట్స్ కారు. కాపాడుకోదగ్గ బండి అని గట్టిగా నమ్ముతున్నాను కాబట్టే ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

ముందు కారు గ్యారేజీలో వదిలేయకుండా మీరే చూడాల్సినవి ఉన్నాయి. పీసీవీ వాల్వ్ (ఇంజన్ లోపలి ఆవిర్లను మళ్ళీ ఇన్‌టేక్‌లోకి పంపేది) తీసి ఊపండి, లోపల గలగలమనాలి, జిగురు పట్టేసి ఉంటే శుభ్రం చేయండి లేదా మార్చండి. అది మూసుకుపోయినా ఆయిల్ తాగుతుంది. డిస్ట్రిబ్యూటర్ వెనక ఓ రింగ్ దగ్గర తడి ఉందేమో చూడండి, ఈ ఇంజన్లలో అక్కడ కారడం మామూలే, కారిపోయింది కూడా తాగినట్టే లెక్కలోకి వస్తుంది. ఆ తర్వాత పొగ ఎప్పుడు వస్తోందో గమనించండి. పొద్దున్నే స్టార్ట్ చేయగానే ఒక్క గుప్పు వచ్చి ఆగిపోతే, లేదా వంతెన దిగేటప్పుడు కాలు తీసేసి మళ్ళీ తొక్కగానే వస్తే, అవి వాల్వ్ స్టెమ్ సీల్స్, అంటే వాల్వ్ కాడ వెంట ఆయిల్ జారకుండా ఆపే సీల్స్. లోడ్ మీద తొక్కినంతసేపూ వస్తూనే ఉంటే పిస్టన్ రింగులు, బోరు. స్టెమ్ సీల్స్ మాత్రమే అయితే ఇంజన్ దించక్కర్లేదు, హెడ్డు కూడా దించక్కర్లేదు. ప్లగ్ రంధ్రంలోంచి నైలాన్ తాడు లోపలికి పోనిచ్చి పిస్టన్‌ను పైకి తెస్తే ఆ తాడు వాల్వులను పడిపోకుండా ఆపుతుంది, పైనుంచే సీల్స్ మార్చేస్తారు. మీ అరవై వేలలో చాలా మిగిలిపోతుంది.

అప్పుడు కంప్రెషన్ టెస్ట్, అంటే ఒక్కో సిలిండర్లో ఎంత ఒత్తిడి పుడుతోందో గేజ్‌తో చూడటం. ఇంజన్ వేడి మీద ఉండాలి, నాలుగు ప్లగ్గులూ తీసేయాలి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి పట్టాలి, బ్యాటరీ మంచిదై ఉండాలి. ఇందులో ఏది తప్పినా వచ్చే నంబర్ పనికిరాదు. ఈ కుటుంబం ఇంజన్లకు కనీసం 135 పీఎస్ఐ ఉండాలి, సిలిండర్ల మధ్య తేడా 28 మించకూడదు. తక్కువ వచ్చిన సిలిండర్లో ఒక చెంచా ఇంజన్ ఆయిల్ పోసి మళ్ళీ చూడండి. రీడింగ్ బాగా లేస్తే రింగులు లేదా బోరు, లేవకపోతే వాల్వులు లేదా హెడ్ ప్యాకింగ్ (హెడ్డుకూ బ్లాకుకూ మధ్య వేసే గ్యాస్కెట్). ఈ రెండు వరసల నంబర్లూ కాగితం మీద రాసి పెట్టుకోండి, మేస్త్రీతో మాట్లాడేటప్పుడు అదే మీ చేతిలో ఆధారం.

ఇక ఇంజన్ దించాల్సిందే అనుకుందాం. బోరు పైన, మధ్యలో, కింద, అడ్డంగా, నిలువుగా డయల్ గేజ్‌తో కొలిపించాలి. పైకీ కిందికీ తేడా 0.05 మి.మీ. లోపలుంటే, గీతలు లేకపోతే బోరింగే అక్కర్లేదు, హోనింగ్ (బోరు గోడ మీద రాయితో సన్నటి గీతలు పెట్టడం) చేసి కొత్త రింగులు వేస్తే చాలు. నాకు ఇక్కడే బడ్జెట్ నిలబడింది. దాటితే బోరు పెద్దది చేసి 0.25 మి.మీ. ఓవర్‌సైజు పిస్టన్లు, అది కూడా చాలకపోతే 0.50.

మన గోదావరి డెల్టాలో బోరింగ్ షాపులకు కొదవ లేదు. చెరువుల దగ్గర జనరేటర్లు, ట్రాక్టర్లు, పడవ ఇంజన్లు, ఆయిల్ ఇంజన్లు, వీటి పని ఏడాది పొడుగునా ఉంటుంది కాబట్టి లేత్ మీద చెయ్యి తిరిగినవాళ్ళు భీమవరం, తణుకు, తాడేపల్లిగూడెం, రాజమండ్రి, ఎక్కడైనా దొరుకుతారు. వాళ్ళ నైపుణ్యం గురించి నాకు అనుమానం లేదు. కానీ డీజిల్ ఇంజన్ అలవాటులో పిస్టన్‌కీ బోరుకీ మధ్య సందు ధారాళంగా, రెండు థౌ (థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు) దాకా వదిలేస్తారు. రెండు థౌ అంటే 0.05 మి.మీ. హోండా ఈ ఇంజన్‌కు చెప్పే సందు 0.01 నుంచి 0.04, 0.05 అనేది అరిగిపోయాక వదిలేయాల్సిన హద్దు. అంటే డీజిల్ లెక్కన వేస్తే కొత్త బోరు మొదటిరోజే ముసలిదైపోతుంది, చల్లగా ఉన్నప్పుడు పిస్టన్ టకటకమని కొట్టుకుంటుంది. అందుకే పిస్టన్లు మీ చేతికి వచ్చేదాకా బోర్ వేయించకండి. నాలుగు పిస్టన్లూ పట్టుకెళ్ళి, ఒక్కోదాన్ని మైక్రోమీటర్‌తో కొలిపించి, దేనికి దాన్నే జతచేసి, ఇది ఒకటో బోరుది ఇది రెండోదని మార్కర్‌తో రాయించండి. షాపాయన విసుక్కుంటే పక్కన కూర్చుని టీ తెప్పించండి గానీ ఈ పని మాత్రం వదలకండి.

క్రాంకు జర్నల్స్ (బేరింగుల్లో తిరిగే నున్నటి భాగాలు) మీద గోరు పెట్టి లాగండి. గోరు ఎక్కడా తట్టుకోకుండా జారిపోయి, కొలతలో గుండ్రంగానే ఉంటే పాలిష్ చాలు. హోండా షెల్స్ (క్రాంకు బేరింగులు) రంగు గుర్తులతో వస్తాయి, క్రాంకు మీదా బ్లాకు మీదా కొట్టిన కోడ్‌లను బట్టి ఏ రంగో ఎంచుకోవాలి, ఏదో ఒక సెట్ తెచ్చి వేయడం కాదు. వేశాక ప్లాస్టిగేజ్ పెట్టి సందు చూడాలి. అది మైనపు దారంలాంటిది, బిగించి విప్పితే ఎంత నలిగిందో చూసి సందు చెబుతుంది, ఖరీదు కూడా పెద్దగా ఉండదు. గ్రైండింగ్ తప్పదంటే మాత్రం అండర్‌సైజు షెల్స్ చేతికి వచ్చాకే క్రాంకు మిషన్ ఎక్కించండి. ముందు గ్రైండ్ చేసేసి తర్వాత షెల్స్ కోసం ఊళ్ళు తిరిగేవాళ్ళను చూశాను.

మన ప్రాంతం కార్లకు ఒక ప్రత్యేకమైన జబ్బు ఉంది. పాలకొల్లు, భీమవరం, నరసాపురం వైపు బోరుబావి నీళ్ళు ఉప్పన. ఏళ్ళ తరబడి ఎవరో ఒకరు రేడియేటర్‌లో ఆ నీళ్ళే పోసి ఉంటారు, మీరు పోయకపోయినా మీకంటే ముందు ఓనర్ పోసి ఉండొచ్చు. థర్మోస్టాట్ మూత విప్పి చూడండి. నా కారులో లోపలంతా తెల్లటి పొడి, దాన్ని గీకితే కింద అల్యూమినియం పుళ్ళు పడినట్టు గుంటలు గుంటలుగా తినేసి ఉంది, హెడ్డు మీద నీళ్ళ దారి అంచు ఒకచోట ప్యాకింగ్ గీత దాకా వచ్చేసింది. అలాంటి హెడ్డుకు ఎంత మంచి ప్యాకింగ్ వేసినా ఆగదు. ఆర్గాన్ వెల్డింగ్‌తో నింపించి, ఆ తర్వాత ఫేసింగ్ (హెడ్డు అడుగు తలాన్ని మిషన్ మీద చదును చేయడం) కొట్టించాను. హెడ్డు వంకర 0.05 లోపలుంటే ఫేసింగ్ అక్కర్లేదు, అంతకు మించితే కొట్టించాలి, మొత్తం మీద 0.2 మి.మీ. కంటే ఎక్కువ మాత్రం తీయనివ్వకండి. ఫేసింగ్‌కు ముందు ప్రెషర్ టెస్ట్ చేయించండి, పగులు ఉంటే ఆ ఖర్చు ముందే ఆగిపోతుంది. బిగించాక కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ తప్ప ఇంకేదీ పోయొద్దు.

డబ్బు ఎక్కడ ఆదా చేయొచ్చు అంటే మీ చేతి పనిలో. విప్పేటప్పుడు ఫోన్‌లో ఫోటోలు తీసి, బోల్టులు కవర్లలో వేసి పేర్లు రాసి, కార్బన్ గీకడం, సంపు (ఇంజన్ అడుగున ఆయిల్ ఉండే తొట్టి) కడగడం, పాత ప్యాకింగ్ తీయడం మీరే చేసుకుంటే మేస్త్రీకి కూలి తగ్గుతుంది, ఆయనకు మనసు పెట్టి చేయాల్సిన పనికి టైమ్ దొరుకుతుంది. అల్యూమినియం మీద ఉలి, స్క్రూడ్రైవర్ పెట్టొద్దు. కనెక్టింగ్ రాడ్ క్యాప్‌లు ఒకదానిది ఇంకోదానికి మారకూడదు. రాడ్లు, క్యామ్, కొలతలో ఉన్న ఆయిల్ పంపు, ల్యాపింగ్‌కు (పేస్టుతో రుద్ది సీటుకు కూర్చోబెట్టడానికి) సరిపోయే వాల్వులు పాతవే ఉంచండి. రింగులు, షెల్స్, హెడ్ ప్యాకింగ్, ఆయిల్ సీల్స్, టైమింగ్ బెల్ట్, దాని టెన్షనర్, వాటర్ పంపు, వీటి దగ్గర మాత్రం పైసా తగ్గించొద్దు. వాటర్ పంపును తిప్పేది కూడా ఆ బెల్టే, ఈ ఇంజన్లో బెల్ట్ తెగితే వాల్వులు పిస్టన్‌కు తగిలి వంగిపోతాయి.

హోనింగ్ అయిన బ్లాకును షాపులో పెట్రోలో డీజిలో పోసి తుడిచి ఇచ్చేస్తారు. అది చాలదు. రాయి పొడి గీతల్లో ఇరుక్కుని ఉంటుంది, పెట్రోల్ దాన్ని బయటికి తేలేదు. వేడి నీళ్ళు, సబ్బు పొడి, బ్రష్షు పెట్టి కడిగి, పాత తెల్ల పంచె గుడ్డను ఆయిల్‌లో ముంచి బోరు తుడవండి. గుడ్డ బూడిద రంగులో వస్తుంది. మళ్ళీ కడగండి, మళ్ళీ తుడవండి, గుడ్డ తెల్లగా వచ్చేదాకా. నీళ్ళు ఆరిన వెంటనే ఆయిల్ పూయాలి, మన తేమ గాలిలో పచ్చి ఇనుము మీద చూస్తుండగానే ఎర్రటి తుప్పు పొర వచ్చేస్తుంది. వర్షాకాలంలో అయితే భోజనానికి వెళ్ళొచ్చేలోగానే.

పై రింగును బోరులో పెట్టి ఫీలర్ గేజ్ (సందు కొలిచే సన్నటి రేకులు)తో చివరల మధ్య సందు చూడండి, 0.15 నుంచి 0.30 మి.మీ. ఉండాలి. వాల్వ్ క్లియరెన్స్ చల్లగా ఉన్నప్పుడు ఇన్‌టేక్‌కు 0.18 నుంచి 0.22, ఎగ్జాస్ట్‌కు 0.23 నుంచి 0.27. టైమింగ్ పెట్టేటప్పుడు గుర్తుంచుకోండి, ఈ ఇంజన్ పుల్లీ వైపు నుంచి చూస్తే గడియారానికి ఎదురు దిశలో తిరుగుతుంది, మారుతీలు చేసి చేసి అలవాటైన మేస్త్రీలు ఒక్కోసారి ఇక్కడ తికమకపడతారు. వీటెక్ సోలినాయిడ్ కింద చిన్న జాలీ ఉంటుంది, దాన్ని శుభ్రం చేయకుండా బిగించొద్దు. వాల్వులను తొక్కే రాకర్లను వీటెక్ పనిచేసేలా కలిపేది ఆయిల్ ప్రెషరే, జాలీ మూసుకుపోతే కొత్త ఇంజన్ కూడా పై ఆర్‌పీఎంలో లాగదు.

సెకండ్ హ్యాండ్ ఇంజన్ గురించి అడిగారు. విజయవాడ ఆటోనగర్‌లో వెతికితే దొరకొచ్చు, కానీ అది కూడా ఇరవై ఏళ్ళు దాటిన ఇంజనే, లోపల ఏముందో విప్పేదాకా తెలియదు, విప్పితే ఇదే ఖర్చు మళ్ళీ. పైగా ఇంజన్ నంబర్ మారితే ఆర్సీలో ఎక్కించాలి, మీ కారు పదిహేనేళ్ళు దాటింది కాబట్టి రెన్యువల్ తనిఖీలో నంబర్ చూస్తారు. మీ బ్లాకు పగిలి ఉంటే తప్ప ఆ దారి వద్దు.

మొదటిసారి స్టార్ట్ చేసే ముందు ప్లగ్గులు తీసి, ఆయిల్ లైటు ఆరేదాకా సెల్ఫ్ కొట్టండి. మామూలు మినరల్ ఆయిల్ పోయండి, సింథటిక్ తర్వాత చూసుకోవచ్చు. ఇంటి ముందు గంటలు గంటలు ఐడిల్‌లో ఉంచొద్దు, అలా చేస్తే రింగులు సరిగా కూర్చోవు. లీకులు లేవని చూసుకుని తణుకు నుంచి రావులపాలెం వైపు హైవే ఎక్కండి. థర్డ్, ఫోర్త్ గేర్లలో మధ్యస్తంగా తొక్కడం, కాలు తీసేసి ఇంజన్ మీదే స్పీడ్ తగ్గనివ్వడం, మళ్ళీ తొక్కడం, ఇలా మారుస్తూ నడపండి. రింగులను బోరుకు నొక్కేది ఆ లోడే. ఇంటికొచ్చాక ఆయిల్, ఫిల్టర్ మార్చేయండి, ఆ పాత ఫిల్టర్‌ను కోసి కాగితం మడతలు విప్పి చూడండి. సన్నటి బూడిద రంగు పొడి మామూలే, రేకు ముక్కల్లా మెరిసేవి కనిపిస్తే నడపడం ఆపి సంపు దించి షెల్స్ చూడండి.

ముందు ఆ కంప్రెషన్ నంబర్లు తీసుకుని ఇక్కడ పెట్టండి, నాలుగు సిలిండర్లవీ, ఆయిల్ పోయకముందు, పోశాక. థర్మోస్టాట్ మూత లోపలి ఫోటో కూడా. వాటిని చూస్తే అరవై వేలలో రింగుల పనితో సరిపెట్టొచ్చో, పిస్టన్ల కోసం ఇంకొన్నాళ్ళు డబ్బు కూడబెట్టాలో చెప్పగలను.