అనుభవం ఎక్కువైందని పంపేస్తున్నారా?

తమ్ముడూ, నాకంటే బాగా చిన్నవాడివి కాబట్టి నువ్వనే రాస్తున్నాను, ఏమీ అనుకోకు. పాశమైలారంలో మందుల కంపెనీలో క్వాలిటీ మేనేజర్‌గా చేసి, పీఆర్ (శాశ్వత నివాస అనుమతి) మీద భార్యాపిల్లలతో కెనడాలోని మిసిసాగా వచ్చావు. ల్యాబ్ అనలిస్టు పోస్టుకి వెళ్తే ఓవర్‌క్వాలిఫైడ్ అంటున్నారు, మేనేజర్ పోస్టుకి వెళ్తే కెనడా అనుభవం లేదంటున్నారు. ఇంకొన్నాళ్లు మేనేజర్ పోస్టు కోసమే ఆగాలా అని అడిగావు. ఆగొద్దు. తెచ్చుకున్న డబ్బు ఎన్ని నెలలకు సరిపోతుందో ముందు అది చూసుకో. హోదా సంగతి తర్వాత చూసుకోవచ్చు.

నేను జీడిమెట్ల నుంచి వచ్చినవాణ్ణే. అక్కడ ఒక ల్యాబంతా నా కింద ఉండేది. అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ వాళ్లు ఆడిట్‌కి వస్తే ఎదురు కూర్చుని జవాబు చెప్పేవాణ్ణి. ఆ ధీమాతోనే ఇక్కడ మొదటి ఇంటర్వ్యూకి వెళ్లాను. ఎదురుగా కూర్చున్నామె నాకంటే చాలా చిన్నది. మందులో ఏది ఎంతుందో విడదీసి చూపే మిషన్ హెచ్‌పీఎల్‌సీ; శాంపిల్స్ ఎక్కించేముందు అది సరిగ్గా ఉందా అని చూసేది సిస్టమ్ సూటబిలిటీ. "హెచ్‌పీఎల్‌సీలో సిస్టమ్ సూటబిలిటీ ఫెయిలైంది, రిటెన్షన్ టైమ్ (పదార్థం బయటికొచ్చే సమయం) మారిపోయింది. మీరైతే ఏం చేస్తారు?" అని అడిగింది. డీవియేషన్ (తేడా జరిగిందన్న రికార్డు) ఓపెన్ చేయించి, టీమ్‌కి అప్పగించి, రూట్ కాజ్ (అసలు కారణం) మీద రివ్యూ పెడతానన్నాను. "ఆ టీమ్‌లో మనిషి కోసమే ఈ ఇంటర్వ్యూ" అందామె, మర్యాదగానే. శాంపిల్స్ ఎక్కించకుండా ఆపుతాను, మొబైల్ ఫేజ్ (మిషన్‌లో పారే ద్రావకం) సరిగ్గా కలిపామా, పీహెచ్ ఎంతుంది, కాలమ్ ఎంత పాతది, పంపులో గాలి చేరిందా, ఎక్కడైనా లీకుందా చూస్తాను, చూసిందల్లా అప్పటికప్పుడు రాసిపెడతాను అనాల్సిన చోట మీటింగుల గురించి చెప్పాను. చాలదన్నట్టు, ప్రమోషన్ ఎన్నాళ్లకు ఇస్తారని కూడా అడిగాను. నీకు వచ్చిన ఓవర్‌క్వాలిఫైడ్ మెయిలే నాకూ వచ్చింది.

అప్పుడు నేను చేసిన పని, మేనేజర్ పోస్టులకు తప్ప దేనికీ అప్లై చెయ్యకుండా కూర్చోవడం. ఇమిగ్రేషన్ వాళ్లకు చూపించిన సొమ్ము బ్యాంకులో ఉంది కదా అనుకున్నాను. ఇల్లు తీసుకోగానే మొదటి నెల, ఆఖరి నెల అద్దె కలిపి కట్టించుకున్నారు. చలికోట్లు, బూట్లు, మనవాళ్లు ఎక్కువగా ఉండే బ్రాంప్టన్ వైపు మరీ మండిపోయే కారు ఇన్సూరెన్సు, అది చాలక హైదరాబాద్‌లో ఫ్లాట్ ఈఎంఐ. మా ఆవిడ ప్రతి నెలా ఒకటో తారీకున వంటింటి క్యాలెండర్ మీద పెన్సిల్‌తో బ్యాంకు బ్యాలెన్సు రాసేది. ఒకసారి ఆ అంకె చూపించి, "ఇది మీ హోదాకి మనం కడుతున్న అద్దె" అంది. ఆ వారమే ఏజెన్సీ ద్వారా ఒక నైట్ షిఫ్టు కాంట్రాక్టుకి ఒప్పుకున్నాను. పదేళ్ల తర్వాత మళ్లీ పిపెట్ పట్టుకున్నాను. అక్కణ్ణుంచి పర్మనెంట్, అక్కణ్ణుంచి క్యూఏ (నాణ్యత చూసే విభాగం), ఇల్లు. ఎవరి రికమండేషనూ లేదు. ఇప్పుడు ఇంటర్వ్యూలు చేసే వైపు కూర్చుంటున్నాను కాబట్టి చెప్తున్నాను, విను.

అవతలివాళ్లకి నీ అనుభవంతో పేచీ లేదు. మంచి పోస్టు దొరగ్గానే వెళ్లిపోతావేమో, మళ్లీ ఇంకొకరికి ట్రైనింగ్ ఇచ్చుకోవాలేమో అన్నది మొదటి భయం. చిన్న వయసు సూపర్‌వైజర్ మాట వింటావా అన్నది రెండోది. జీతం దగ్గర మొండికేస్తావా అన్నది మూడోది. ఇవి వాళ్లు నోరు విప్పి అడగరు. అందుకే వాళ్లు అడిగేదాకా చూడకుండా నువ్వే చెప్పాలి: "ల్యాబ్ బెంచి మీద చేత్తో చేసే పని నాకు తెలుసు, ఇక్కడి పద్ధతులు ఇదే సీట్లో నేర్చుకుంటాను, పిల్లలు ఇక్కడే బడిలో చేరారు, కనీసం రెండేళ్లు కదలను." పిల్లల సంగతి వాళ్లు అడక్కూడదు గానీ మనం చెప్పుకోవచ్చు. రెండేళ్లు ఉండే ఉద్దేశం లేకపోతే మాత్రం ఆ మాట అనకు. అలా అని ఆరు నెలలకే వెళ్లిపోయినవాళ్ల వల్ల తర్వాత వచ్చే మనవాళ్ల మీద నమ్మకం పోతోంది.

రెజ్యూమేలో ఫోటో, పుట్టిన తేదీ, తండ్రి పేరు తీసెయ్. రెండు పేజీలు దాటనివ్వకు. చేసిన హోదాని దాచి అబద్ధం రాయొద్దు, రిఫరెన్సులు అడుగుతారు. 'నలభై మందిని నడిపాను' అన్న లైను కిందికి దించి, నీ చేత్తో చేసిన మెథడ్ వాలిడేషన్ (పరీక్షా పద్ధతి నమ్మదగినదేనని తేల్చడం), స్టెబిలిటీ పరీక్షలు (మందు ఎన్నాళ్లు పాడవకుండా ఉంటుందో చూడడం) పైకి తీసుకురా.

రూల్సు నెట్‌లో ఉన్నాయి, చూసుకో. మనం ఉండే ఒంటారియో రాష్ట్రంలో 2026 జనవరి 1 నుంచి పాతిక మందికి తగ్గకుండా ఉద్యోగులున్న కంపెనీలు ప్రకటనలో జీతం రేంజి చెప్పాలి, కెనడా అనుభవం కావాలని రాయకూడదు. ఓవర్‌క్వాలిఫైడ్ అని తోసెయ్యడం మీద కోర్టు మెట్లెక్కినవాళ్లూ ఉన్నారు. పీహెచ్‌డీ ఉన్న గియాన్ సంఘా అనే మనదేశపు శాస్త్రవేత్తని మెకంజీ వ్యాలీ ల్యాండ్ అండ్ వాటర్ బోర్డు అనే ప్రభుత్వ సంస్థ అలాగే కాదంటే, అది వివక్షేనని కెనడా మానవ హక్కుల ట్రిబ్యునల్ 2006లో తేల్చింది. వలసవచ్చినవాళ్లకి వాళ్ల స్థాయి ఉద్యోగాల తలుపులు మూసేసి, కింది ఉద్యోగాలకి వస్తే చదువెక్కువైందనడం న్యాయం కాదన్నది అక్కడి వాదన. చాలా మంచి తీర్పు. కానీ ఆ తీర్పు రావడానికి ఏళ్లు పట్టింది, నీకు అద్దె వచ్చే నెల ఒకటికే కట్టాలి.

జీతం అడిగితే ప్రకటనలో ఉన్న రేంజికి మధ్యలో చెప్పు. ఎలాగైనా వస్తే చాలని అట్టడుగు అంకె చెప్పకు. ఏటేటా పెరిగేది ఆ అంకె మీద శాతమే, కింద మొదలుపెట్టినవాడు ఏళ్ల తరబడి కిందే ఉంటాడు. హైదరాబాద్ జీతంతో, రూపాయల్లోకి మార్చి మాత్రం పోల్చుకోకు. ఇప్పుడొచ్చేవాళ్లందరూ చేసే పని అది. ఇక్కడి సంపాదన ఇక్కడి అద్దెకే పోతుందని మొదటి నెలలోనే తెలిసొస్తుంది.

బుధవారం ఇంటర్వ్యూ అన్నావు. ఈలోగా రెండు కాగితాలు తయారుచెయ్. ఒకదాని మీద నీ చేత్తో ఏ మిషన్ నడిపావు, ఏ సమస్య వస్తే ఎలా సరిచేశావు. రెండోదాని మీద నెల ఖర్చెంత, బ్యాంకులో ఉన్నదెంత. ఆ రెండోది మీ ఆవిడతో కూర్చుని రాయి. ఈఎంఐ కూడా కలుపు.